మూడు నిమిషాల నిశ్శబ్దం

మూడు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోమన్నారు నన్ను! నోటితో బతికేదాన్ని. పోలీసు శాఖలో పనిచేసిన రోజుల్లో నా మాటలకి ఒళ్లు మండి 'కందిరీగ' అని పేరు పెట్టారు. ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినా, ఆ పేరు మాత్రం నన్ను వదల్లేదు. అలాంటిదాన్ని ఆ మధ్యాహ్నం బుద్ధిగా నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఎందుకంటే ఆ మూడు నిమిషాల్లోనే చచ్చిపోయినవాడు మాట్లాడతాడట.

"దగ్గొచ్చినా మింగేయాలి," అంది పిన్ని.

ఆవిడ నాకు పిన్ని కాదు, అక్కడ ఎవరికీ కాదు. ఆ రేడియో పర్యవేక్షణ కేంద్రంలో అందరికంటే పాత ఆపరేటరు. రిటైర్మెంటు ఇంకో నెలలో ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పై ఆఫీసర్ల దాకా అందరికీ పిన్నే. దేశంలో గాలిలో తిరిగే తరంగాల్లో ఏది ఎవరిదో చూసుకునే ఆఫీసు అది. పొద్దున్న వెళ్లగానే నాకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది.

"ప్లాట్లు వేసినట్టే తల్లీ. ఈ ముక్క పోలీసులకి, ఈ ముక్క విమానాలకి, ఇది టీవీ వాళ్లకి, ఇది మొబైల్ కంపెనీకి. రెండు ముక్కల మధ్య కాస్త ఖాళీ వదులుతాం, ఒకరి మాట ఒకరి మీద పడకుండా. ఎవరైనా గీత దాటితే పట్టుకోవడం మా పని."

"గాలిలో కూడా కబ్జాలేనా!"

"గాలిలోనే ఎక్కువ. గోడలు కనిపించవు కదా."

ఒక్క ముక్క మాత్రం ఎవరి పేరా రాయరట. అది ఆపద ఛానెల్. ప్రాణం మీదికి వచ్చినవాడు ఎవడైనా అందులో పిలవొచ్చు. పూర్వం రేడియో వాళ్లంతా రోజూ కాసేపు తమ మోత ఆపేసి ఆ ఛానెల్ వినేవాళ్లట, సన్నటి పిలుపు ఏదైనా మిగిలిపోయిందేమోనని. అందరూ ఎప్పుడో మానేశారు. ఈ కేంద్రంలో పిన్ని మాత్రం మానలేదు, ఎవర్నీ మాననివ్వలేదు.

పన్నెండు కాగానే ఆవిడ చెయ్యి పైకెత్తింది. వరసగా స్విచ్చులు పడ్డాయి. కేంద్రం సొంత ట్రాన్స్‌మిటర్లు, దారి చూపే బీకన్, ఏసీ, చివరికి నెత్తిమీది ట్యూబులైట్లు కూడా ఆరిపోయాయి. హాలంతా తెరల నీలం వెలుగు. హెడ్‌ఫోన్లు తగిలించుకున్న మనుషులు ఊపిరి బిగబట్టి ఒకే స్పీకరు వైపు చూస్తున్నారు. నా పక్కన కూర్చున్న అక్క నా మణికట్టు పట్టుకుంది.

అక్క అంటే, పోయాడంటున్నవాడి అక్క. సిటీ బస్సులో కండక్టరు, నిలబడితే బస్సు పైకప్పుకి తల తగిలేంత పొడుగు. తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి టికెట్లు కొట్టి చదివించింది, ఇంజనీరుని చేసింది. ఎంత గోలలో ఉన్నా సన్నటి పిలుపుని పట్టేస్తాడని ఇక్కడ వాడికి 'పాముచెవులు' అని పేరు. సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి రాలేదు. మర్నాడు వాడి స్కూటరు, చెప్పులు, వాచీ వంతెన మీద దొరికాయి. కింద నది పొంగుతోంది. శవం మాత్రం దొరకలేదు. అదే రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, ఈ నిశ్శబ్దంలో, వాడి గొంతు వినిపించింది. బుధవారం మళ్లీ వినిపించింది. ఇది గురువారం.

స్పీకరులో ముందు గర్‌మని గాలి. తర్వాత దూరంగా, బావి అడుగు నుంచి వస్తున్నట్టు, ఒక మగ గొంతు.

"...వినిపిస్తోందా?..."

అబద్ధం ఎందుకు చెప్పాలి, భయమేసింది.

"...ఎవరైనా... చీకటి... అక్కా... వినిపిస్తోందా?..."

అక్క గోళ్లు నా చర్మంలో దిగాయి. అరవబోయింది, రెండో చేత్తో తన నోరు తనే నొక్కుకుంది. నేను మాత్రం స్పీకరు చూడటం మానేసి మనుషుల్ని చూశాను, అది పాత అలవాటు. అందరి కళ్లూ స్పీకరు మీదే ఉన్నాయి. ఇద్దరివి లేవు. తలుపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టరు గోడ గడియారం చూస్తున్నాడు. కేంద్రాన్ని నడిపే డిప్యూటీ నేల వైపు చూస్తున్నాడు.

పిన్ని చెయ్యి దించింది. స్విచ్చులు పడ్డాయి, లైట్లు వెలిగాయి. స్పీకరులో కేంద్రం మోత కప్పేయగానే ఆ గొంతు పోయింది. వెనక సీటు ఖాళీగా ఉంది, అందులో కూర్చునే అమ్మాయి ఆ గొంతుకి భయపడి నిన్నటి నుంచి సెలవట.

"టేపు," అన్నాడు ఇన్‌స్పెక్టరు తాపీగా. "ఎవడో ఆకతాయి పాముచెవులు గొంతు రికార్డు చేసిపెట్టుకుని రోజూ ఇదే టైముకి వదులుతున్నాడు. లేకపోతే రోజూ సరిగ్గా పన్నెండింటికే ఎలా వస్తుంది కందిరీగ గారూ? దెయ్యాలకి కూడా ఇంత టైము పట్టింపు ఉండదు."

ఇతగాడు ఒకప్పుడు నా కింద పని నేర్చుకున్నవాడే. నేర్చుకోవాల్సింది తప్ప అన్నీ నేర్చుకున్నాడు.

"మూడు రోజులవీ వినిపించు పిన్నీ," అన్నాను. ఆ కేంద్రంలో చెవినపడ్డ ప్రతిదీ దానంతటదే రికార్డవుతుంది. పిన్ని వరసగా పెట్టింది. మంగళవారం గొంతు గట్టిగా ఉంది, కోపంగా కూడా ఉంది, తలుపు తీయండ్రా అన్నట్టు. బుధవారం మధ్యమధ్యలో దగ్గు. ఇవాళ్టిది ఉత్త గరగర.

"టేపుకి జలుబు చేస్తుందా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"మూడు టేపులు చేసుంటాడు."

"చచ్చినవాణ్ణి కూర్చోబెట్టి చేశాడా?"

"చావకముందే చేసుండొచ్చుగా!"

"అంటే మనిషిని ఎక్కడో పెట్టి, గొంతు పోయేదాకా అరిపించి, మూడుసార్లు రికార్డు చేశాడంటారు. మరి అది ఆత్మహత్య ఎలా అయింది నాయనా? నిన్న మీరు విలేకరులకి అదేగా చెప్పింది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అతని మొహం మాడిపోయింది. "చూడండి, సాయంత్రం ఐదింటికి నదిలో గాలింపు ఆపేస్తున్నాం. వస్తువులు తమ్ముడివే, ఇక వెతకడం అనవసరం అని ఈవిడ సంతకం పెడితే కేసు మూసేస్తా. మీ వేషాలకి అప్పటిదాకానే టైము."

"నా చెయ్యి నరికినా పెట్టను," అంది అక్క. "వాడి గొంతు నాకు తెలీదా? జ్వరమొస్తే వాడు అచ్చం అలాగే మాట్లాడతాడు."

నేను పిన్ని వైపు తిరిగాను. "గొంతు ఏ దిక్కు నుంచి వస్తోందో మీ యంత్రం చూపిస్తుందన్నావుగా. ఏ దిక్కు?"

పిన్ని మొహం చిన్నబోయింది. "ఏ దిక్కూ లేదు తల్లీ. తూర్పు లేదు, పడమర లేదు. ఎంత చిన్న సెట్టు మాట్లాడినా తెర మీద గీత పడాలి. దీనికి పడట్లేదు. అందుకే కదా వీళ్లు ఇలా హడలిపోతున్నారు."

డిప్యూటీ గొంతు సవరించుకున్నాడు. "అందుకే రేపటి నుంచి ఈ నిశ్శబ్దం రద్దు చేస్తున్నా. స్టాఫ్ భయంతో చస్తున్నారు. ఈ కాలంలో ఎవరికీ అక్కర్లేని ఆచారం ఇది."

"నలభై ఏళ్లుగా ఆపలేదు సార్," అంది పిన్ని.

"రేపు ఆపుతున్నారు."

చచ్చినవాడి గొంతు విన్నాక ఎవరైనా హడలిపోతారనుకోండి. కానీ ఆయన నేలచూపే నాకు అంతుపట్టలేదు. అక్కని తీసుకుని ఆయన గదిలోకి వెళ్లి కూర్చున్నాను, రమ్మనకపోయినా.

"సోమవారం అతన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఆరింటికి. వెళ్లొస్తా సార్ అని వెళ్లిపోయాడు. దిగులుగా ఉన్నాడు. నేను అడగలేదు, పెళ్లికాని కుర్రాడు, సవాలక్ష ఉంటాయి."

"గొడవేమైనా పడ్డారా?"

"మా మధ్య గొడవలేం ఉంటాయి?"

"మొబైల్ కంపెనీకి కొత్తగా ఇస్తున్న ముక్క గురించి?"

ఆయన చూపు అక్క మీదికి పోయింది. అక్క తొణకలేదు. "ఆదివారం అన్నం తింటూ చెప్పాడు. ఆ ముక్క ఖాళీగా ఉందని సంతకం పెట్టమంటున్నారక్కా, అది ఖాళీ కాదు అన్నాడు. ఆసుపత్రుల్లో మంచాల పక్కన గుండె కొట్టుకునేది చూపించే పెట్టెలు ఆ ముక్కలోనే మాట్లాడుకుంటాయంట. కంపెనీ టవర్లు మొదలైతే ఆ తెరలు గుడ్డివైపోతాయన్నాడు. ముద్ద దిగలేదు వాడికి."

"అక్కడ ఏమీ లేదు," అన్నాడు డిప్యూటీ. "మేం కొలిచాం. శుభ్రంగా ఖాళీ."

"ఆ పెట్టెలు?"

"వాటికి అనుమతే లేదు! ఆసుపత్రుల వాళ్లు చెప్పా పెట్టకుండా తెచ్చిపెట్టుకుంటే..." అని నాలుక కరుచుకున్నాడు.

"ఇప్పుడేగా ఏమీ లేదన్నారు," అన్నాను. "లేనివాటికి అనుమతి ఎందుకు సార్?"

ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"ఇంకొక్కటి అడిగి వెళ్లిపోతా. ఇందాక గొంతు వచ్చినప్పుడు అందరూ స్పీకరు చూశారు. మీరు నేల చూశారు. ఈ నేల కింద ఏముంది?"

"పాత... పాత సామాన్లు. అంతా తేమ. అందుకే కింద గోడ కట్టించి మూసేస్తున్నాం."

తలుపు ధడాలున తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు. "ఏంటండీ ఇది? పెద్ద ఆఫీసర్ని పట్టుకుని దొంగని అడిగినట్టు! ఏ అధికారం ఉందని మీకు? లేవండి." భుజం పట్టుకుని లేపినంత పని చేశాడు. చేతిని విదిలించుకుని, నా నోట్లోంచి రాకూడని మాట ఒకటి అనేసి బయటికొచ్చాను.

రెండింటికి పిన్ని డ్యూటీ దిగింది. బస్సుస్టాపు దాకా అక్క, నేను ఆవిడతో నడిచాం.

"రేపు నిజంగా ఆపేస్తారా పిన్నీ?"

"ఆపేది ఎవరు? ఆ స్విచ్చులు నా చేతి కింద ఉన్నాయి. ఇంకో నెల ఉన్నా, నేను ఉన్నన్నాళ్లూ పన్నెండయితే చెయ్యెత్తుతా. సస్పెండు చేసుకోమను, ఆ కాగితానికి ఫ్రేము కట్టించుకుంటా."

బస్సు వచ్చేస్తోంది. ఊరికే, ఏదో ఒకటి అడగాలని అడిగాను. "మీ యంత్రానికి కనిపించని దిక్కంటూ ఉంటుందా?"

"చీమ తుమ్మినా చూపిస్తుంది తల్లీ," అంటూ మెట్టెక్కింది. "ఒక్క మన కాంపౌండే చూపించదు. మన బీకన్ గోల తట్టుకోలేక, లోపలి నుంచి వచ్చేవాటిని లెక్కలో వేసుకోవద్దని దానికి చెప్పిపెట్టాం. ఎప్పటి సంగతో! పెట్టింది కూడా పాపం మా పాముచెవులే." చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ లోపలికి పోయింది.

బస్సు కదిలి మలుపు తిరిగాక గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఎక్కగానే బస్సు వెనక పది అంగలు పరిగెత్తాను. లాభం లేకపోయింది. పిన్నికి ఫోను కూడా లేదు. పగలంతా తరంగాలు విన్నాక ఇంటి దగ్గర కూడానా అని పెట్టుకోలేదట.

"ఏంటక్కా, ఏమైంది?" అక్క నన్నే అక్కా అంటుంది.

"ఏ దిక్కూ లేకపోవడం కాదే! దేశమంతా వింటారు, వాళ్ల ఇల్లు తప్ప. నీ తమ్ముడు ఆ కాంపౌండులోనే ఉన్నాడు."

ఆవిడ వెంటనే గేటు వైపు తిరిగింది. నేను చెయ్యి పట్టి ఆపాను.

"ఇంకోటి. వాడు పన్నెండింటికి పిలవట్లేదు. పొద్దున్నా, సాయంత్రం, రాత్రీ, ఓపిక ఉన్నంతసేపూ పిలుస్తూనే ఉన్నాడు. వీళ్లు తమ గోల ఆపేది పన్నెండింటికే."

అక్క స్టాపు అరుగు మీద కూలబడింది. రెండు చేతులతో మొహం కప్పుకుని ఒక్కసారి భోరుమంది. చదువుకునే రోజుల్లో వాడికి చీకటంటే భయమట, దీపం ఆర్పితే చెయ్యి పట్టుకునేవాడట. మూడు రోజులుగా తల మీద మనుషులు నడుస్తుంటే కింద నుంచి పిలుస్తున్నాడు. అంతలో ఆవిడే తేరుకుంది.

"రాగి గది," అంది కళ్లు తుడుచుకుంటూ. "'అక్కా, మా ఆఫీసు కింద రాగి గది ఉంది, అందులోకి వెళ్తే నా చెవులకి కూడా ఏమీ వినపడదు' అనేవాడు. పాత రోజుల్లో రేడియో సెట్లు పరీక్షించడానికి కట్టారంట. గోడలు, కప్పు, నేల, అన్నీ రాగి రేకే. ఫోను లోపలికి తీసుకెళ్తే చచ్చిపోతుందంట."

"సందు లేకుండా రాగి కడితే తరంగం బయటికి రాదు. వస్తోందంటే ఎక్కడో చిల్లి పడింది. పద."

మెట్ల దగ్గర ఇన్‌స్పెక్టరు ఎదురయ్యాడు, మా కోసమే కాచుకున్నట్టు. "ఎక్కడికి?"

"కిందికి. దెయ్యాన్ని పట్టుకోవడానికి."

నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు. "సరే పదండి, నేనూ వస్తా. దొరక్కపోతే మాత్రం పైకొచ్చి ఈవిడ సంతకం పెట్టాలి. ఒప్పందమేనా?"

ఒప్పుకున్నాను. మనిషి మొండివాడైనా మోటు బలం ఉంది, బరువు తలుపులుంటే పనికొస్తాడనుకున్నాను. ఎంత తెలివో నాది!

కింద కారిడార్లో దీపం లేదు. మెట్లు దిగగానే చీకటి మొహాన కొట్టింది. నేను గోడ తడుముకుంటూ స్విచ్చు వెతుకుతున్నాను. ముందు ఇన్‌స్పెక్టరు నడుస్తున్నాడు, వెనక అక్క. ఠంగుమని శబ్దం, "అమ్మా!" అని అక్క అరుపు. స్విచ్చు దొరికింది. అక్క నుదుటి ఎత్తులో కారిడారుకి అడ్డంగా ఇనప పైపు ఉంది. అక్క నుదురు పట్టుకుని ఉంది. నాకేం, నా ఎత్తుకి పైపు అందదు. అక్క అంత పొడుగున్న ఇన్‌స్పెక్టరు పైపుకి అవతల నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో ఆలోచించేలోపు ఇటుకలు కనిపించాయి.

కారిడారు చివర గోడ వారగా కొత్త ఇటుకలు పేర్చి ఉన్నాయి. పక్కన సిమెంటు బస్తాలు, ఇసక. వాటి వెనక ఒక తలుపు. పెద్ద ఫ్రిజ్ తలుపులా మందంగా ఉంది, బయట పైనా కిందా రెండు ఇనప మీటలు బిగించి ఉన్నాయి. వంగి చూశాను. తలుపు అంచు చుట్టూ ఇత్తడి పళ్లు ఉన్నాయి, సందు లేకుండా అతుక్కోవడానికి. అడుగున మూరెడు మేర పళ్లు ఊడిపోయాయి.

"ఇదే చిల్లి," అన్నాను. "ఇక్కణ్ణుంచి కారుతోంది వాడి గొంతు."

సందు దగ్గర చెవి పెట్టాను. ఏమీ లేదు. లోపల గోడలకి దూది అట్టలు కూడా అంటించి ఉంటారు, మాట మింగేస్తాయి. అక్క అప్పటికే మీటలకి వేలాడుతోంది. ఇన్‌స్పెక్టరు కూడా ఒక చెయ్యి వేశాడు. తలుపు మూలుగుతూ వచ్చింది.

కుళ్లిన గాలి గుప్పుమంది. నా ఫోను వెలుగులో రాగి గోడలు ఎర్రగా మెరిశాయి. మూలన, బ్యాటరీల్లో పోసే నీళ్ల డబ్బాని కౌగిలించుకుని ఒక మనిషి. చేతిలో అరచేయంత సెట్టు. పెదాలు కదులుతున్నాయి, బటన్ నొక్కుతున్నాడు, వదులుతున్నాడు. మమ్మల్ని చూడలేదు. అలవాటుగా అంటూనే ఉన్నాడు.

"వినిపిస్తోందా?"

"వినిపించిందిరా చిన్నోడా! వినిపించిందిరా!" అక్క ఒక్క దూకున వెళ్లి వాడి మీద పడిపోయింది. మూడు రోజుల మురికి, కంపు, ఏమీ చూడలేదు. వాడి తలని గుండెకి అదుముకుని ఊపేస్తోంది. నేను గబగబా లోపలికెళ్లి వాడి చెయ్యి పట్టుకుని నాడి చూశాను. కొట్టుకుంటోంది. నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలీదు.

"అది దానంతటదే మూసుకుంటుంది, తలుపు పట్టుకో!" అని వెనక్కి అరిచాను.

"పట్టుకున్నా," అన్నాడు ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి. "బతికే ఉన్నాడా?"

పాముచెవులు ఒళ్లు బిగుసుకుపోయింది. అక్కని పక్కకి తోసి, వెలుగుకి కళ్లు చికిలిస్తూ గుమ్మం వైపు తల తిప్పాడు. మొహం చూడలేదు వాడు, వింటున్నాడు.

"ఆ గొంతు," అన్నాడు. "సోమవారం నా తల మీద కొట్టాక... 'బావా, నువ్వు కాళ్లు పట్టుకో, పైపు దగ్గర తల వంచు' అంది ఆ గొంతే. కాళ్లు పట్టుకున్న ఆ బావ మా డిప్యూటీయే."

అప్పుడు తట్టింది నాకు. చీకట్లో, ఎన్నడూ రాని చోట, పైపు దగ్గర తల వంచినవాడు!

తిరిగేలోపే వెలుగు సన్నటి గీత అయింది. "మీకు చెప్పాను కదా మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఏ కోపం లేకుండా, పాత రోజుల్లో నాకు రిపోర్టు ఇచ్చినట్టే. "ఐదింటిదాకానే టైమని." నేను తలుపుని గుద్దుకునేసరికి గీత కూడా పోయింది. మీటలు బిగిసిన అదురు మాత్రం అరచేతికి తెలిసింది, శబ్దం లేదు. లోపలి పిడి ఉండాల్సిన చోట నాలుగు ఖాళీ మరల కన్నాలు తగిలాయి.

అక్క కండక్టరు గొంతుతో అరిచింది. బస్సు చివరి సీటు దాకా, అవతల వీధి దాకా వినిపించే గొంతు అది. గోడలు దాన్ని అక్కడికక్కడే తాగేశాయి. పక్కనే ఉన్న నాకే దూరం నుంచి విన్నట్టుంది. ఫోను చూశాను. ఒక్క గీత కూడా లేదు.

"ఎన్ని రోజులైంది?" అన్నాడు పాముచెవులు. "ఎవరూ వినలేదా? నిద్ర పట్టినప్పుడు తప్ప ఆపలేదు నేను."

ఉన్న సంగతి చెప్పాను. రోజుకి మూడు నిమిషాలు విన్నారనీ, ఆ మూడు నిమిషాల్లోనూ సగం మాటలే వచ్చాయనీ. వాడు గరగరలాడే గొంతుతో నవ్వాడు. "పన్నెండు ఎప్పుడవుతుందో తెలిస్తే చాలు అనుకున్నా. వాచీ తీసేసుకున్నారు. గుడ్డివాడిలా పిలిచి పిలిచి బ్యాటరీ అంతా తగలేశా." పరీక్షలకి తెచ్చి ఎవరో ఆ గదిలో మర్చిపోయిన సెట్టట అది, దాని మీద చిన్న ఎర్ర దీపం చూపించాడు. "ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంటుందేమో."

"ఆపెయ్," అన్నాను. నా చేతికి కీ ఇచ్చే పాత వాచీ ఉంది, చీకట్లో ముళ్లు మెరుస్తాయి. "రేపు పన్నెండింటిదాకా ముట్టుకోకు."

"రేపటి నుంచి రద్దు అన్నాడుగా ఆయన," అంది అక్క.

"పిన్ని రద్దు అన్లేదుగా."

ఆ రాత్రి గురించి పెద్దగా చెప్పను. డబ్బాలో మిగిలిన నీళ్లు మూతతో కొలుచుకుని తాగాం. అక్క తమ్ముడి చెయ్యి వదల్లేదు. ఏ చప్పుడూ లేని చోట మనిషికి తన రక్తం పారే మోత వినిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. గంటగంటకీ వాచీకి కీ ఇచ్చాను, అవసరం లేకపోయినా.

పొద్దు ఎక్కాక తలుపు అడుగు సందులోంచి తడి సిమెంటు వాసన రావడం మొదలైంది. ఎవరో అవతల పని చేస్తున్నారు. గుద్దాం, అరిచాం, తన్నాం. వాసన మాత్రం చిక్కబడింది. పాముచెవులు సందు మీద చెయ్యి పెట్టి చూసి, "కింద నుంచి మొదలుపెట్టారు," అన్నాడు. ఆ సందు పూడిపోతే మా మాటకి ఇక దారి లేదు.

సెట్టుని సందుకి ఆనించి ముగ్గురం నేల మీద బోర్లా పడుకున్నాం. ఏం చెప్పాలో, ఎన్ని మాటల్లో చెప్పాలో ముందే ఖాయం చేసుకున్నాం. రాగి గది, ముగ్గురం, ఇన్‌స్పెక్టర్ని నమ్మొద్దు. సగం మాటలే వెళ్తాయి కాబట్టి మళ్లీ మళ్లీ అదే చెప్పాలి. నిన్న ఈ పాటికి నన్ను నోరు మూసుకోమన్నారు. ఇవాళ మూడు ప్రాణాలు ఆ నోట్లోనే ఉన్నాయి. పైన ఒక ముసలావిడ పై ఆఫీసరు మొహం మీదే చెయ్యెత్తిందో లేదో మాకు తెలిసే దారి లేదు.

ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. అక్క కళ్లు మూసుకుంది. నేను బటన్ నొక్కాను.

"పిన్నీ, వినిపిస్తోందా?"